ఎర్ర ఇల్లు కనిపిస్తే

ముందు గాలి వాటం చూపే గాలిసంచి కనిపించాలి. తర్వాత ఫైర్ స్టేషన్ తలుపులు, తర్వాత కంచె, కంచె అవతల ఎర్ర ఇల్లు, దాని వెనక నీళ్ళ ట్యాంకు, ఇంకా వెనక మిల్లు పొగగొట్టం, అన్నిటికంటే ఆఖర్న కొండ. ఇదీ వరస. పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు ఆయన కళ్ళు ఆ వరసని వాటంతటవే అప్పజెప్పేస్తాయి, సెలవురోజు ఇంట్లో కూర్చున్నా సరే, కిటికీలోంచి ఏదో ఒక వరస వెతుక్కుంటాయి. ఇవాళ మాత్రం గాలిసంచి దగ్గరే లోకం అయిపోయింది. అదైనా సంచిలా లేదు, గాలన్నది లేక కిందికి వేలాడుతూ, ఎవరో ఆరేసి మరిచిపోయిన ప్యాంటు కాలులా ఉంది. దాని అవతలంతా తెలుపే. వాతావరణ ఆఫీసు పాత డాబా మీద, తడిసిన పిట్టగోడకి మోచేతులాన్చి, మఫ్లరు చెవుల మీదికి లాక్కుని, విమానాశ్రయమంతా వెదర్ బాబాయ్ అని పిలిచే ఆ మనిషి ఆ తెలుపులోకి కళ్ళు చిట్లించి చూస్తున్నాడు. ఈ పని ఆయన చెయ్యక చాలాకాలమైంది. రన్‌వే పక్కన పాతిన యంత్రాలు వాటి గాజుకళ్ళతో చూసి, ఎంత దూరం కనిపిస్తోందో కిందగదిలో తెరమీద అంకె వేసేస్తుంటే, ఆ అంకె చదివి టవర్‌కి చెప్పడమే ఆయన పని. మొన్న రన్‌వే పొడిగింపు పనుల్లో తవ్వే బండి వాటి తీగ తెంపేసింది. బాగుచేసేదాకా పాత పద్ధతేనని పెద్దాఫీసు నుంచి కబురొచ్చింది. పాత పద్ధతి అంటే ఇంకేముంది, ఆయనే. డాబా ఎక్కి వరసగా చూసి, ఆఖర్న ఏది కనిపిస్తే దాని దూరం చెప్పడం. ఎర్ర ఇల్లు కనిపించిందా, విమానం దిగొచ్చు. కనిపించలేదా, దిగకూడదు.

పైన విమానం తిరుగుతోంది. చూడబోతే ఏమీ లేదు, చప్పుడు మాత్రం ఒకసారి నెత్తిమీద, ఒకసారి ఎక్కడో మిల్లు వైపు. అందులో ఆవిడ ఉంది, ఆయన భార్య. కిటికీ పక్క సీటు అడిగి మరీ తీసుకుని ఉంటుంది, ముక్కు అద్దానికి ఆనించి కిందికి చూస్తూ ఉంటుంది, కనిపించేది దూదే అయినా. కూతురి పురిటికని వెళ్ళి, ఇంకో నెల ఉంటానన్న మనిషి, నిన్న సాయంత్రం ఫోన్‌లో సంగతి వినగానే బట్టలు సర్దేసింది. సంగతేమిటంటే, రన్‌వే పొడిగింపు కోసం ఎర్ర ఇల్లు ఇవాళ పడగొడుతున్నారు. ఎర్ర ఇల్లు ఆవిడ పుట్టిల్లు. వచ్చే నెల అన్నారు కదండీ అని ఒకే ఒక్కసారి అడిగింది, ముందుకి జరిపారట అని ఆయన చెప్పాడు, వెనక పసివాడి ఏడుపు వినిపించింది. తర్వాత ఆవిడ చాలా మామూలుగా, పాలు పొంగాయేమో చూసొస్తా అన్నట్టు, "వస్తున్నా. ఒక్కసారి మేడెక్కి దిగి, తలుపు నా చేత్తో వేసి వస్తా. ఆ తర్వాత వాళ్ళిష్టం" అంది. ఆ తలుపు కోసం ఆయన పొడిగింపు పనుల మేస్త్రీ దగ్గరికి పరిగెత్తాడు. మేస్త్రీ మంచివాడే, తల గోక్కుని, పొద్దున విమానంలో అమ్మగారు దిగి వచ్చేదాకా ఆగుతానన్నాడు, పది దాటితే మాత్రం తన చేతుల్లో ఉండదన్నాడు. పొద్దున విమానం ఎక్కేముందు ఆవిడ ఫోన్ చేసింది. మంచుందా అంది. కొంచెం అన్నాడు. మీ కొంచెమా, అందరి కొంచెమా అంది. ఆయన చెప్పేలోపే ఈసారైనా కాస్త నాకోసం చూడండి అని నవ్వి పెట్టేసింది. నవ్వు నవ్వే గానీ, దాని వెనక పెళ్ళినాటి బాకీ ఒకటుంది, అది ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

గాలిసంచి కాస్త కదిలింది. గాలి వస్తే మంచు జరుగుతుంది, రావాలి, రా తల్లీ. ఈ సంచి కొత్తది, ప్లాస్టిక్కు గుడ్డ, ఎక్కణ్ణుంచో పెట్టెలో వస్తుంది, చిరిగితే పారేసి ఇంకోటి కట్టడమే. ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో అలా కాదు. ఆ రోజుల్లో రోజుకి రెండే విమానాలు, రేకుల షెడ్డే టెర్మినల్, విమానం వచ్చే ముందు జీపువాడు సైరన్ మోగిస్తూ రన్‌వే మీద మేకల్ని తోలేవాడు. అప్పుడొక గాలివానకి సంచి నిలువునా చిరిగింది. కొత్తది రావడానికి నెలలు పడుతుంది, ఎక్కడైనా కుట్టించుకు రా అని మేనేజరు దాన్ని కుర్ర ఉద్యోగి చేతిలో పెట్టాడు. కంచె అవతల మేడింట్లో ఒకావిడ మిషన్ కుడుతుందని తెలిసి, చాపలా చుట్టి భుజాన వేసుకుని వెళ్ళాడు. ఆ పెద్దావిడ దాన్ని విప్పి, అటు తిప్పి ఇటు తిప్పి, ఇది ఏ రాక్షసి లంగా అబ్బాయ్ అంది. గదిలో పట్టలేదు ఆ గుడ్డ. ఒక కొస గుమ్మం బయటికి పోతే, పట్టుకోవే అని కూతుర్ని పిలిచింది. కూతురు వచ్చి కొస పట్టుకుంది. జడ ముందుకి వేసుకుని, నోట్లో రెండు గుండుసూదులు పెట్టుకుని, ఇతగాడెవడా అన్నట్టు చూసింది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా. మన మహానుభావుడు గొంతు సవరించుకుని, మీ ఇల్లు నాకు బాగా తెలుసండీ, రోజూ అరగంటకోసారి చూస్తూనే ఉంటాను అన్నాడు. మిషన్ టక్కున ఆగిపోయింది. పెద్దావిడ కత్తెర చేతిలోకి తీసుకుంది. ఏమన్నావ్, మళ్ళీ అను అంది. అది కాదండీ, ఉద్యోగమండీ, డాబా మీంచండీ, విమానాల కోసమండీ, ఇంటినేనండీ, మనుషుల్ని కాదండీ, అక్కణ్ణుంచి మనుషుల మొహాలు కనపడవండీ, చీరలు ఆరేసింది మాత్రం కనిపిస్తుందండీ అనేశాడు, ఆ చివరి మాట ఎందుకన్నాడో ఇప్పటికీ అర్థం కాదు. కూతురు నోట్లోంచి గుండుసూదులు తీసి, పడీ పడీ నవ్వింది. అలా నవ్వుతుంటే ఆ ఇల్లు దగ్గర్నుంచి ఎలా ఉందో చూసుకోవడం మరిచిపోయాడు, అన్నాళ్ళూ దాని దూరం తప్ప ఇంకేమీ తెలియనివాడు.

చేతిలో వాకీటాకీ గరగరలాడింది. టవర్‌లో ఉండే అమ్మాయి, కూతురి ఈడుది, ఎంతవరకు బాబాయ్ అని అడిగింది. ఆయన చూశాడు. ఫైర్ స్టేషన్ తలుపుల ఎరుపు ముద్దగా తేలింది, ఒకటి, రెండు, మూడోది సగం. ఫైర్ స్టేషన్ అని చెప్పాడు. ఇంకో చుట్టు తిరగమంటానంది, ఇంధనం మరీ ఎక్కువ లేదట, ఈసారి కూడా కాకపోతే పక్క ఊరికి పంపించేస్తానంది. సరేనమ్మా అన్నాడు. అందులో మా ఆవిడ ఉందని చెప్పలేదు, చెప్పి ఆ పిల్ల మెడకి ఇంకో రాయి కట్టడమెందుకు. పక్క ఊరికి పంపితే మళ్ళీ ఇటు తీసుకొచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. మధ్యాహ్నానికి అక్కడ తలుపుండదు, గుమ్మముండదు. ఈ చుట్టే ఆఖరు. వెనక్కి తిరిగి కొత్త టెర్మినల్ వైపు చూశాడు, అదీ లేదు, అంత అద్దాల కొండని మంచు మింగేసింది, లోపల్నించి గొంతు మాత్రం వస్తోంది, ఫలానా విమానం ఆలస్యం, ఫలానా విమానం ఆలస్యం, ఒక భాష తర్వాత ఇంకో భాషలో. ఎన్ని దేశాలకి పోతాయిప్పుడు ఇక్కణ్ణుంచి. ఒకప్పుడు వాన పడితే గొడుగు పట్టుకుని ప్రయాణికుల్ని మెట్లదాకా నడిపించింది ఈ చేతులే, తూకం పంతులు సెలవు పెడితే పెట్టెలు తూచింది ఈ చేతులే, ఎవరి పిల్లాడో తప్పిపోతే పిట్టగోడ మీద కూర్చోబెట్టి విమానాలు లెక్కపెట్టించిందీ ఇక్కడే, రెండు దాకా వస్తే చాలు లెక్క అయిపోయేది. రేకుల షెడ్డు పోయి బిల్డింగు వచ్చినప్పుడు అందరూ గర్వంగా ఫోటో దిగారు, బిల్డింగు పాతబడి దాని ముందు అద్దాలది లేచినప్పుడూ దిగారు, ఆయనా దిగాడు, నవ్వుతూనే. అప్పుడేమీ బాధ అనిపించలేదు. పెరిగేది పెరుగుతుంది, పిల్లల చొక్కాలు పొట్టవడంలేదూ అనుకునేవాడు. పెరిగి పెరిగి కంచె దాకా వచ్చి, కంచె దాటి, ఎర్ర ఇంటి గుమ్మం తొక్కుతుందని మాత్రం అనుకోలేదు. ఎంత వెర్రిబాగులవాడు.

ఎర్ర ఇల్లు మొదట్నుంచీ ఎర్రది కాదు. వెలిసిపోయిన పసుపు. పెళ్ళి కుదిరాక అత్తగారు మంచి తెల్లసున్నం వేయించబోయింది. కాబోయే అల్లుడు పరిగెత్తుకు వెళ్ళి తెలుపు మాత్రం వద్దత్తయ్యా అని బతిమాలాడు. మంచులో తెల్లిల్లు కలిసిపోతుంది, విమానాలకి కష్టం, ముదురు రంగేదైనా వేయించండి. ఆవిడ నడుం మీద చేతులేసుకుని, నా ఇంటికి రంగేసుకోవడానికి విమానాల్ని అడగాలా, రేపు నా చీర రంగు కూడా చెప్తావా అని దులిపేసింది. దులిపి, సాయంత్రానికల్లా ఇటుకరంగు డబ్బాలు తెప్పించింది. మళ్ళీ మళ్ళీ అదే రంగు వేయిస్తూ వచ్చింది, బతికినన్నాళ్ళూ. వీధిలో ఎవరైనా ఇదేం రంగండీ అంటే, మా అల్లుడి ఉద్యోగం దీనిమీదే నడుస్తోంది మరి అనేది, విన్నవాళ్ళకి ఏమర్థమయ్యేదో. పెళ్ళిరోజు పొద్దున ఆ ఇంటికి రంగురంగుల బల్బులు కట్టారు. తోటి ఉద్యోగికి జ్వరమొస్తే పెళ్ళికొడుకే డ్యూటీకి వచ్చి ఇదే డాబా మీద నిలబడ్డాడు, ఇదే తెలుపు, ఇంతకంటే దట్టం. బల్బులు కాదు కదా కంచె కూడా కనపడలేదు. కనిపించడంలేదని చెప్పాడు. విమానం వెనక్కి తిరిగింది. అందులో ఓడల మీద పనిచేసే బావమరిది ఉన్నాడు, అక్క పెళ్ళికని సముద్రాలు దాటి వచ్చినవాడు, తీరా వచ్చేసరికి కుర్చీలు మడిచేస్తున్నారు. పెళ్ళి ఫోటోలో వాడు లేడు. అప్పట్నుంచీ వాడు ఈయన్ని బావా అని పిలవడు, మంచు బావా అంటాడు. కొత్త పెళ్ళికూతురు వారం రోజులు ముక్తసరిగా మాట్లాడి, ఒకరోజు అడిగేసింది, ఒక్కమాట కనిపిస్తోంది అంటే మీ సొమ్మేం పోయేదండీ అని. కనిపిస్తే అననా అన్నాడు. ఆ ఇంట్లో ఏ గొడవ మొదలైనా, పప్పులో ఉప్పు దగ్గర మొదలైనా, చివరికి అక్కడికే వచ్చి తేలేది. కనిపిస్తే అననా.

అత్తగారు పోయాక ఇల్లు ఖాళీగానే ఉండిపోయింది. అద్దెకివ్వమంటే ఆవిడ ఇవ్వలేదు. వారానికోసారి తాళంచెవి కొంగున ముడేసుకుని వెళ్ళి, కిటికీలు తెరిచి, ఊడ్చి, మిషన్ మీద గుడ్డ దులిపి, మేడ మీద కాసేపు కూర్చుని వచ్చేది. ఏం చేస్తావక్కడ అంటే, మిమ్మల్ని చూస్తానండీ అనేది. నిజంగానే చూసేదేమో. ఇక్కణ్ణుంచి ఇల్లు కనిపిస్తే అక్కణ్ణుంచి డాబా కనిపించదూ. ఒకసారి దుప్పటి ఊపింది, ఈయన టోపీ ఊపాడు, పక్కనున్న ఇన్‌స్పెక్షన్ ఆఫీసరు ఎవరికయ్యా సైగలు అని మండిపడితే, గాలి చూస్తున్నానండీ అన్నాడు. ఇళ్ళు తీసుకుంటున్నామని మొదట చెప్పినప్పుడు ఆవిడ ఏడవలేదు. మీ రన్‌వే మా అమ్మ వంటింట్లోంచి పోతుందన్నమాట అంది, అంతే. మీ రన్‌వే. ఆ మాట ఇక్కడ, రొమ్ములో ఎడంపక్క, ఇప్పటికీ కలుక్కుమంటుంది. నాదెక్కడిదే, నేనెవణ్ణి, కళ్ళతో చూసి నోటితో చెప్పేవాణ్ణి. ఇవాళ ఆ చెప్పే మాట తప్ప ఆవిడకివ్వడానికి తన దగ్గర ఇంకేముంది. పైలట్ పాతకాపు అయ్యుంటాడు, దిగడం వాడికేం కొత్త. కిందికి వస్తే దీపాలు కనిపిస్తాయి. కనిపించకపోతే మళ్ళీ లేస్తాడు. లేవగలిగితే. లోపల ఎంతమంది, ఆవిడ పక్కన ఎవరో పాప కూర్చునుంటుంది, ఆవిడ ఆ పాపకి అప్పుడే సగం కథ చెప్పేసి ఉంటుంది, అదిగో అక్కడే మా అమ్మ ఇల్లు అని.

చప్పుడు దగ్గరికొస్తోంది. ఫైర్ స్టేషన్ తలుపులు మూడూ కనిపిస్తున్నాయి. కంచె, అవును, స్తంభాలు, తీగ కాదు గానీ స్తంభాలు. కంచె అవతల, ఆ కుడిపక్కన, ఎర్రగా. ఎర్రగా ఏదో ఉంది. ఉంది కదూ. మేడ అంచు, మెట్ల గోడ ఏటవాలు, నీళ్ళ పంపు దగ్గర పెచ్చూడిన చోటు. అరె, ఉంది. వాకీటాకీ నోటిదాకా ఎత్తాడు. ఎత్తినవాడు ఆగాడు. పెచ్చూడిన చోటు ఇంత దూరం నుంచి ఏనాడు కనిపించింది? కొత్తగా చేరినవాళ్ళకి తనే చెప్పేవాడు, మనం చూడాలనుకున్నది మంచులో తొందరగా కనిపిస్తుందర్రా, అనుమానమొస్తే ఒకసారి కళ్ళు మూసుకోండి, మూసినా కనిపిస్తుంటే అది మంచులో లేదు, మీ తలలో ఉన్నట్టే అని. మూసుకోవాలనిపించలేదు. ఎంతకీ అనిపించలేదు. ఆ ఎరుపుని అలాగే పట్టుకుని, ఒక్కమాట, ఒకే ఒక్కమాట అనేసి, కాసేపట్లో ఆవిడతో కలిసి ఆ మెట్లెక్కాలనిపించింది, జీవితంలో ఏదీ అంతగా అనిపించలేదు. బాబాయ్, వచ్చేస్తోంది, చెప్పు అంటోంది టవర్ అమ్మాయి. కళ్ళు మూసుకున్నాడు. ఇల్లు అలాగే ఉంది. అంతే ఎర్రగా, అంతే స్పష్టంగా, పెచ్చూడిన చోటుతో సహా. తెరిచాడు. అంతే.

"కనిపించడంలేదమ్మా," అన్నాడు. "కంచె దాకానే."

సరే బాబాయ్ అంది ఆ పిల్ల. చప్పుడు తలమీదికి వచ్చి, ఒక్క క్షణం అక్కడే ఉన్నట్టనిపించి, పైకి లేచి, మెల్లగా పల్చబడింది. ఆయన పిట్టగోడ మీద తల పెట్టుకున్నాడు. సిమెంటు చల్లగా నుదుటికి తగిలింది. ఆ వయసు మనిషి అలా వెక్కి వెక్కి ఏడవడం ఎవరైనా చూస్తే బాగుండదు, మంచు కాబట్టి సరిపోయింది. పోనీ తప్పు చేశానా అంటే చెయ్యలేదు, మళ్ళీ అడిగినా అదే చెప్తాడు, అదే ఆయన్ని ఇంకా ఏడిపిస్తోంది. టీ అబ్బాయి డాబా మెట్ల దగ్గరికొచ్చి, గ్లాసు పైమెట్టు మీద పెట్టి, చప్పుడు చెయ్యకుండా దిగిపోయాడు.

గాలొచ్చింది. ఎప్పుడొచ్చింది! టీ చల్లారకముందే సంచి నిండి, ఫైర్ స్టేషన్ కడిగినట్టు తేలి, కంచె తీగతో సహా మెరిసి, దాని వెనక ఎర్ర ఇల్లు నిలువెత్తున నిలబడింది, ఎండలో, ఏమీ ఎరగనట్టు. ఎర్ర ఇల్లు అని వాకీటాకీలో చెప్పాడు, పక్క ఊరి దారి పట్టిన విమానానికి మళ్ళీ వెనక్కి తిరిగేంత ఇంధనం లేదంది టవర్ అమ్మాయి. నీళ్ళ ట్యాంకు అని చెప్పాడు. ఇంకో విమానం దిగింది, ఇంకొకటి దిగింది, ఎవరెవరో వచ్చారు, ఎవరెవరి వాళ్ళో గేటు దగ్గర కౌగిలించుకుని ఉంటారు. మేస్త్రీ మాట మీదే నిలబడ్డాడు, పది దాటేదాకా పసుపురంగు బండి చెయ్యి ముడుచుకుని ఊరుకుంది. ఆయన ఫోన్ చేసి ఇంకాసేపు అని అడిగాడు. లేదు బాబాయ్, పైవాళ్ళు వచ్చి నిలబడ్డారు, ఏమీ అనుకోకు అన్నాడు మేస్త్రీ. వెళ్ళి తలుపైనా వేసి రావాలనిపించింది, డ్యూటీ దిగితే చూడ్డానికి ఇంకొకరు లేరు. కాబట్టి చూశాడు. చూడ్డమే కదా పని. బండి చెయ్యి చాచింది, మేడ అంచు మీద పెట్టి నొక్కింది, పెద్దగా కష్టపడలేదు. కాసేపటికి ఎర్రదుమ్ము లేచి, అదీ గాలికి పోయి, ఆ చోట్లో ఆయన ఏనాడూ చూడనిది కనిపించింది. ఇంటి వెనక వీధి. ఇద్దరు పిల్లలు సైకిల్ నేర్చుకుంటున్నారు.

అప్పుడు ఫోన్ మోగింది. ఆవిడ. ఇంకా విమానంలోనే కూర్చోబెట్టారట, పక్క ఊళ్ళో, బాత్రూమ్ దగ్గర పెద్ద క్యూ ఉందట, పక్కసీటు పాప ఒళ్ళో నిద్రపోయిందట. అవన్నీ చెప్పి ఆగింది.

"ఇల్లు కనిపిస్తోందా అండీ?"

ఆయన ఆ ఖాళీలోకి చూశాడు. సైకిల్ మీది పిల్ల కిందపడి లేస్తోంది.

"కనిపిస్తోంది," అన్నాడు.

అవతల ఇంజను గుర్రుమనడం, ఎవరో దగ్గడం. తర్వాత ఆవిడ ముక్కు ఎగబీల్చుకోవడం వినిపించింది.

"ఈ అబద్ధమేదో పొద్దునే చెప్పుంటే," అంది ఆవిడ, "మీ పక్కన నిలబడి నేనే చూసేదాన్ని కదండీ."

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. మధ్యాహ్నానికి దింపుతారట, ఆకలేస్తోంది, ఏదో ఒకటి వండి పెట్టండి అంది.